ఎన్డుటులో రెండు రాత్రులు చాలలేదు

ఫిబ్రవరిలో మేం ముగ్గురం అడవి జంతువులను చూడ్డానికి టాంజానియా వెళ్లొచ్చాం. నేను, మా ఆయన, అరవై మూడేళ్ల మా అత్తగారు. ముంబయి నుంచి ఆడిస్ అబాబా మీదుగా కిలిమంజారో ఎయిర్‌పోర్టు, అక్కణ్నుంచి అరూషా. ఏడు రోజుల్లో నాలుగు చోట్లు తిరిగాం. మళ్లీ వెళ్తే రెండే చూస్తాను.

మొదట టరంగీరే. మన గోల్కొండ నయాఖిల్లాలో ఉన్న హాతియాన్ ఝాడ్ జాతి చెట్లు (బావోబాబ్) ఇక్కడ ఎటు చూసినా కనిపిస్తాయి. నీళ్లు దొరకని రోజుల్లో ఏనుగులు దంతాలతో వాటి మానులు చీల్చి, లోపలి తడి పీచు నములుతాయి. ఆ మచ్చలు చెట్ల మీద అలాగే ఉన్నాయి. అయితే ఈ పార్కుకు అసలు సీజన్ జూలై నుంచి అక్టోబరు. అప్పుడు జంతువులన్నీ నది దగ్గర చేరతాయి. ఫిబ్రవరిలో చెల్లాచెదురుగా ఉంటాయి కాబట్టి ఒక పూట చాలు. కుట్టే టెట్సీ ఈగలు నీలం, నలుపు రంగులకు వస్తాయి. ఆ రంగు బట్టలు ఇంట్లోనే వదిలెయ్యండి.

ఇక ఎన్డుటు. సెరెంగెటి దక్షిణపు అంచున, గోరోంగోరో రక్షిత ప్రాంతంలో ఉంటుంది. ఒకప్పటి అగ్నిపర్వతాల బూడిద పడిన నేల ఇది. గడ్డి పొట్టిగా ఉంటుంది కానీ బలమైన మేత. అందుకే వైల్డ్‌బీస్ట్ (ఆవులా కనిపించే పెద్ద జింక) మందలు ఈనడానికి ఇక్కడికే వస్తాయి. రెండో రోజు పొద్దున్నే మా బండికి కొద్ది దూరంలో ఒకటి ఈనింది. దూడ రెండుసార్లు కూలబడింది, మూడోసారి నిలబడింది. కాసేపటికే తల్లి వెంట పరుగు! దూరంగా ఒక దుమ్ములగొండి కూర్చుని చూస్తూనే ఉంది.

మధ్యాహ్నం తల్లి తప్పిపోయిన ఇంకో దూడ మా బండినే తల్లి అనుకుని వెంటపడింది. మా అత్తగారు కళ్లనీళ్లు పెట్టుకున్నారు, "ఏదైనా చెయ్యి బాబూ" అని డ్రైవరును అడిగారు. ఆయన ఇంజన్ ఆపేసి, "మామా, మనం ముట్టుకోకూడదు" అన్నాడు. అక్కడ పెద్ద ఆడవాళ్లను గౌరవంగా మామా అనే పిలుస్తారు. రేడియోలో ఎక్కడో చీతా కనిపించిందని కేక వినిపించినా కదల్లేదు. నలభై నిమిషాల తర్వాత మంద ఇటు తిరిగింది, దూడ అందులో కలిసిపోయింది. తల్లి దొరికిందో లేదో మాకు తెలియలేదు.

బస కంచె లేని గుడారాల క్యాంపులో. చీకటి పడ్డాక ఒంటరిగా అడుగు బయట పెట్టనివ్వరు, టార్చి పట్టుకుని మనిషి తోడొస్తాడు. స్నానానికి ఎప్పుడో చెబితే, ఆ టైముకు వేడినీళ్లు తెచ్చి పైనున్న సంచిలో పోస్తారు. శాకాహారం అని ముందే రాశాం కాబట్టి పప్పు, కూర, చపాతీ పెట్టారు. చపాతీని స్వాహిలీలోనూ చపాతీ అనే అంటారు.

తర్వాత సెరెంగెటి నడిమధ్యనున్న సెరోనెరాలో చెట్టు కొమ్మ మీద చిరుతను చూశాం. మనం చిరుత అనేది లెపర్డ్, చీతా వేరే జంతువు. స్వాహిలీలో అది చూయి, ఇది దుమా. ఈ రెండు మాటలు నేర్చుకుంటే గైడ్ చెప్పేది తేలిగ్గా అర్థమవుతుంది. చిరుత కింద పాతిక బండ్లు ఉన్నాయి. పది నిమిషాల్లో వచ్చేశాం.

చివర గోరోంగోరో అగ్నిపర్వత బిలం. దాదాపు 600 మీటర్ల లోతు, 260 చదరపు కిలోమీటర్ల నేల. నల్ల ఖడ్గమృగాన్ని ఇక్కడే చూశాం, చాలా దూరంలో. బైనాక్యులర్ లేకపోతే అది రాయే. భోజనం బండిలోనే చెయ్యండి, గద్దలు చేతిలోది తన్నుకుపోతాయి. ట్రిప్పు మొత్తంలో ఎక్కువ డబ్బు పోసింది బిలం అంచునున్న లాడ్జికే. చేరేసరికి చీకటి, బయలుదేరేసరికీ చీకటి. 2,300 మీటర్ల ఎత్తులో చలి, పైగా గదిలో హీటరు పనిచెయ్యలేదు, అత్తగారు రాత్రంతా నిద్రపోలేదు. పెద్దవాళ్లు వెంట ఉంటే కింద కరాటూ ఊళ్లో దిగడం మేలు.

ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందే వేయించుకోవాలి, కార్డు పాస్‌పోర్టుతోనే ఉంచుకోండి. ప్లాస్టిక్ కవర్లు అక్కడ నిషేధం, పచ్చళ్లు డబ్బాల్లో తీసుకెళ్లండి. మీ ఏజెంటు రోజుకో పార్కు రాసిస్తే ఒప్పుకోకండి. లాడ్జి స్థాయి తగ్గించినా పర్లేదు, ఎన్డుటులో నాలుగు రాత్రులు అడగండి. ఆ దూడ సంగతి అత్తగారు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు.