చావా, మరపా?

ఆదివారం ఆబిడ్స్ పాత పుస్తకాల దగ్గర బ్రిటిష్ సైన్స్ ఫిక్షన్ టీవీ సీరియల్ ‘డాక్టర్ హూ’ అభిమానులు ఇద్దరు కలిస్తే వాదన తప్పదు. కాలంలో, అంతరిక్షంలో తిరిగే కథానాయకుడు డాక్టర్; అతని సహచరుల్లో ఆడ్రిక్ చావు పెద్ద దుఃఖమా, డోనా మరపా?

1982లో ఆడ్రిక్ కూలుతున్న అంతరిక్ష నౌకను ఆపే చివరి చిక్కుముడి విప్పబోతుండగా యంత్రం పేలిపోతుంది. తన లెక్క సరైనదో కాదో తెలియకుండానే పోతాడు. ముగింపు పేర్లు సంగీతం లేకుండా, విరిగిన అతని బ్యాడ్జీ మీదుగా సాగుతాయి. గుండె బరువెక్కే మాట నిజమే, కానీ అతనికి వీరుడన్న పేరైనా మిగిలింది.

2008లో డోనాకు అదీ దక్కలేదు. ప్రాణం నిలబెట్టడానికి డాక్టర్ ఆమె జ్ఞాపకాలను తుడిచేస్తాడు; వద్దని వేడుకున్నా వినడు. లోకాలను కాపాడిన మనిషి చివరికి ఫోనులో ఊసుపోని కబుర్లలో మునిగి, ఎదుట నిలబడ్డ అతన్ని ఎవరో అన్నట్టు చూస్తుంది. నా ఓటు డోనాకే. 2023లో జ్ఞాపకాలు తిరిగిచ్చారంటారా? పదిహేనేళ్ల తర్వాతి కంటితుడుపు అది!