కొండ దిగువ మొక్కలకు పనికొచ్చిన పది రెట్ల భూతద్దం

విజయనగరంలో ప్రయోగశాల సామగ్రి అమ్మే ఒక దుకాణంలో రూ. 420 పెట్టి ఈ మడత భూతద్దం కొన్నాను. గాజు వెడల్పు 21 మిల్లీమీటర్లు, పైన ఉక్కు తొడుగు, మెడలో వేసుకోవడానికి నాడా. నేను ఇంటర్మీడియట్ పిల్లలకు వృక్షశాస్త్రం చెబుతాను. అయిదు నక్షత్రాలకు నాలుగున్నర ఇస్తున్నాను.

అరుదైన మొక్క అనగానే అందరూ దట్టమైన అడవిని, పెద్ద చెట్లను ఊహించుకుంటారు. మా జిల్లాలో చాలా అరుదైనవి కాలి కిందే ఉంటాయి. గంట్యాడ వైపు కొండల దిగువన, వానలు వెనకబట్టాక కూడా ఊట నీరు గరుకు ఇసుక మీద పలచగా పారే చోట్లు కొన్ని ఉన్నాయి. అక్కడే డ్రోసెరా అనే పురుగులు తినే మొక్క పెరుగుతుంది. మొక్క మొత్తం రూపాయి బిళ్లంత, నేలకు అతుక్కుని ఉంటుంది. మామూలు కంటికి ఎర్రటి మరకలా కనిపిస్తుంది, అంతే.

భూతద్దంలో చూస్తే ఆకు మీద ప్రతి నూగు చివరా ఒక జిగురు బొట్టు నిలబడి ఉంటుంది. ఒక చిన్న దోమ వచ్చి వాలింది. అంచున ఉన్న పొడవాటి నూగులు కొన్ని క్షణాల్లోనే లోపలికి వంగి దాన్ని మధ్యకు నెట్టాయి. ఆ మట్టిలో నత్రజని తక్కువ, ఆ లోటును మొక్క పురుగులతో తీర్చుకుంటుంది. అందుకే పై పొలాల ఎరువు నీళ్లు అక్కడికి చేరితే దానికి చేటు: గడ్డి ఏపుగా లేచి ఎండ తగలకుండా చేస్తుంది. ఇళ్ల స్థలాల కోసం నేల చదును చేస్తే ఊటే ఎండిపోతుంది. ఆ చోటు పేరు ఇక్కడ రాయను, తవ్వి కుండీలో పెట్టుకునేవాళ్లు ఉన్నారు.

పాఠం కోసం మొక్కను పీకి సీసాలో వేసి తేవడం మన కళాశాలల్లో అలవాటు. ఇది వేసవికి ఎండిపోయే మొక్క. గింజ రాలకముందే పీకితే మరుసటి ఏడు అక్కడ మొలిచేది ఉండదు. ఈ భూతద్దం ఉంటే పీకాల్సిన అవసరమే రాదు, పిల్లలే మొక్క దగ్గరికి వంగి చూస్తారు.

కొనేముందు ఒక పరీక్ష చేయండి. స్కేలు పక్కన పెట్టి, కాగితం మీది అక్షరాలు స్పష్టంగా కనిపించేటప్పుడు గాజుకూ కాగితానికీ మధ్య దూరం కొలవండి. దాదాపు 25 మిల్లీమీటర్లు వస్తే అది నిజంగా పది రెట్లు. ఇంతకుముందు ఆన్‌లైన్లో ‘ముప్పై రెట్లు’ అని అమ్మినదాన్ని కొలిస్తే అది పది కూడా లేదు. నిజంగా ముప్పై అయితే 8 మిల్లీమీటర్ల దూరంలో పెట్టాలి, మన నీడే మొక్క మీద పడుతుంది. పొలంలో పదే సరైనది. గాజును కంటికి ఆనించి పట్టుకుని, తల వంచి మొక్కకు దగ్గరగా వెళ్లాలి. చెయ్యి చాచి చూస్తే ఏమీ కనిపించదు.

తగ్గించిన అర నక్షత్రం నాడాకు, తొడుగుకున్న మర మేకుకు. నాడా తడికి రంగు దిగి చొక్కాకు అంటింది. మర మేకు వదులైతే బిగించే వీలు లేదు. వానాకాలంలో గాజుకు బూజు పట్టకుండా బియ్యం డబ్బాలో దాచుకుంటున్నాను. నాడా మాత్రం కొన్నరోజే మార్చేయండి.