నాలుగేళ్ళుగా నా రెండర్లను కాపాడుతున్న 14 నిమిషాలు

811వ ఫ్రేము దగ్గర కరెంటు పోయింది. మొత్తం 900 ఫ్రేములు, ఒక్కోదానికి రెండున్నర నిమిషాలు. విజయవాడ క్లయింటు ఒకాయనకి చేస్తున్న అపార్ట్‌మెంట్ వాక్‌త్రూ అది, అంటే ఇంట్లో తిరుగుతూ చూపించినట్టుండే 3డీ వీడియో. దాని ఫ్రేముల్ని కంప్యూటరు ఒక్కొక్కటిగా గీసి పెట్టడమే రెండర్. అప్పటికి దాదాపు 34 గంటలుగా నడుస్తోంది. టేబుల్ కింద, కరెంటు పోతే బ్యాటరీ మీద నడిపించే 600 వీఏ యూపీఎస్ ఉంది కదా అని నేను నిశ్చింతగా ఉన్నాను. లైట్లు ఆరగానే అది ఒక్కసారి కీమని కూసి, టక్కున ఆగిపోయింది.

అంతకన్నా తెలివితక్కువ పని నేను చేసిందే. అవుట్‌పుట్ నేరుగా ఎంపీ4కి పెట్టాను. సైజు చూస్తే ఫైలు నిండుగానే ఉంది, కానీ ఏ ప్లేయర్లోనూ తెరుచుకోదు. ఏ ఫ్రేము ఎక్కడుందో చెప్పే సూచికను ఎంపీ4లో మామూలుగా అన్నీ అయ్యాక చివర్లో రాస్తారు. మనది చివరిదాకా వెళ్తే కదా.

ఇది 2021 మే నాటి మాట, చెన్నై సాలిగ్రామంలో. జూన్‌లో 1100 వీఏ యూపీఎస్ కొన్నాను. ఇప్పటికీ అదే వాడుతున్నాను. పేరు చెప్పను, ఎందుకంటే ఆ ధరలో దొరికేవన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి.

పాతది ఎందుకు చేతులెత్తేసిందో కొన్నాక గానీ తెలియలేదు. డబ్బా మీద వీఏ (వోల్ట్-ఆంపియర్ల లెక్క) పెద్దక్షరాల్లో ఉంటుంది, అది నిజంగా మోయగలిగే వాట్లు మాత్రం వెనక స్టిక్కరు మీద చిన్నగా ఉంటాయి. 600 వీఏ అంటే నా దాంట్లో 360 వాట్లే. ప్లగ్గుకి వాట్ మీటరు తగిలించి చూస్తే, రెండర్ నడుస్తున్నప్పుడు మానిటర్‌తో కలిపి 390 చూపించింది. బ్రౌజర్ తెరిచి కూర్చున్నప్పుడు 110 దాటేది కాదు, అందుకే మామూలు రోజుల్లో ఆ యూపీఎస్ బాగానే పనిచేస్తున్నట్టు కనిపించింది. కొత్తది 660 వాట్లు. దాంతోపాటు ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డుకి 170 వాట్ల పరిమితిని 130కి తగ్గించాను. ఫ్రేముకి పది సెకన్లు ఎక్కువ పట్టింది, మొత్తం లోడు 345కి దిగింది. ఆ లోడుతో కొత్త బ్యాటరీ 14 నిమిషాలు నిలబడింది.

14 నిమిషాల్లో 37 గంటల రెండర్ ఏం పూర్తవుతుందని మా బావమరిది నవ్వాడు. పూర్తి చేయడం దాని పని కాదు. చిన్న చిన్న కట్‌లు దాటించాలి, పెద్ద కట్ అయితే సిస్టమ్‌ని మర్యాదగా ఆపాలి. యూపీఎస్‌తో ఇచ్చిన సాఫ్ట్‌వేర్ రెండో వారంలోనే తీసేశాను, అంత అధ్వానం. యూఎస్‌బీ తీగ పెడితే చాలు, విండోస్ దాన్ని ల్యాప్‌టాప్ బ్యాటరీలాగే చూస్తుంది. పవర్ ఆప్షన్స్‌లో 40 శాతానికి వచ్చేసరికి షట్‌డౌన్ అని పెట్టాను. మొదట హైబర్నేట్ (నడుస్తున్న పనిని ఉన్నదున్నట్టు డిస్కులో దాచి ఆపడం) పెట్టి చూశాను. లేచాక, నేను రెండర్ చేసే 3డీ సాఫ్ట్‌వేర్ బ్లెండర్ తెర మీద ఉంది గానీ, గ్రాఫిక్స్ కార్డు దగ్గర తప్పు చూపించి రెండర్ ఆగిపోయింది. అప్పటినుంచి షట్‌డౌనే.

అసలు కాపాడింది మాత్రం ఫ్రేముకో ఫైలు పెట్టడమే. పీఎన్‌జీ గానీ ఈఎక్స్ఆర్ గానీ విడివిడి బొమ్మలుగా రాయించి, చివర్లో వీడియోగా కలుపుకుంటాను. బ్లెండర్‌లో ఓవర్‌రైట్ (ఉన్న ఫైలు మీద మళ్ళీ రాయడం) తీసేసి ప్లేస్‌హోల్డర్స్ (మొదలుపెట్టిన ఫ్రేముకి ముందే ఖాళీ ఫైలు పెట్టడం) పెడితే, మళ్ళీ మొదలుపెట్టినప్పుడు అయిపోయిన ఫ్రేముల్ని వదిలేసి మిగతావే చేస్తుంది. ఇందులో ఒక మెలిక ఉంది. కరెంటు పోయినప్పుడు నడుస్తున్న ఫ్రేము పేరుతో 0 కేబీ ఫైలు మిగిలిపోతుంది. అది కూడా అయిపోయిందనుకుని దాటేస్తుంది. ఒకసారి అలాగే పంపేశాను. క్లయింటు ఫోన్ చేసి "మెట్ల దగ్గర ఏదో మెరుస్తోందండీ" అన్నాడు. ఆ మెరుపు ఒక నల్ల ఫ్రేము. ఇప్పుడు తిరిగి మొదలుపెట్టే ముందు ఫోల్డర్‌ని సైజు వరుసలో పెట్టి, అడుగున కనిపించే సున్నాలనీ, అనుమానంగా చిన్నగా ఉన్నవాటినీ తీసేస్తాను.

ఒకే పెద్ద బొమ్మకి ఆరేడు గంటలు పట్టే పనికి ఈ కిటుకు పనిచేయదు. అలాంటివి 4096 శాంపిల్స్ (ఒక్కో చుక్కకి వెలుగుని లెక్కగట్టే సార్లు) ఒకేసారి కాకుండా, 1024 చొప్పున నాలుగుసార్లు, ప్రతిసారీ సీడ్ (ఆ లెక్క మొదలయ్యే సంఖ్య) మార్చి, డీనాయిజ్ (బొమ్మలో చుక్కల్ని తుడిచేయడం) లేకుండా ఈఎక్స్ఆర్‌గా చేసి కలుపుకుంటాను. కాస్త విసుగు పనే.

యూపీఎస్ ఏమీ చేయలేని రెండు శత్రువులున్నాయి. ఒకటి విండోస్ అప్‌డేట్. పొద్దున్న లేచేసరికి లాగిన్ తెర కనిపిస్తే కరెంటు పోయిందనే అనుకున్నాను. విండోస్ తన చిట్టా రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో చూస్తే 41 లేదు, 1074 ఉంది. 41 అంటే సిస్టమ్ చెప్పాపెట్టకుండా పడిపోయినట్టు, 1074 అంటే ఎవరో గానీ ఏదో ప్రోగ్రాం గానీ అడిగి రీస్టార్ట్ చేయించినట్టు. యాక్టివ్ అవర్స్ (అప్‌డేట్ కోసం రీస్టార్ట్ చేయొద్దని చెప్పే గంటలు) 18 గంటలకి మించి పెట్టనివ్వరు, నా రెండరేమో 37 గంటలు. అందుకని పెద్ద పని ముందు అప్‌డేట్లు ఒక వారం ఆపేస్తాను.

రెండోది మా అమ్మ. చీరాల నుంచి వచ్చినప్పుడు, రాత్రి పన్నెండింటికి గదిలో ఎవరూ లేకుండా డబ్బాలన్నీ వెలుగుతున్నాయని గోడ స్విచ్ కట్టేసింది. యూపీఎస్ కూయడం మొదలుపెట్టింది. పొద్దున్న అడిగితే, "ఆ కూత ఎంతకీ ఆగట్లేదు నాయనా, నువ్వు లేస్తావని దాని బొత్తాం కూడా నొక్కేశాను" అంది. పోయింది ఒక్క 412వ ఫ్రేమే కాబట్టి నేనూ నవ్వగలిగాను. స్విచ్ మీద ఇప్పుడు టేపు ఉంది. కూత ఆపే సెట్టింగు కూడా ఆ రోజే వెతికాను.

2023 డిసెంబరులో మిగ్‌జాం తుపానుకి మా వీధిలో నీళ్ళు నిలిచి, రెండు రోజులు కరెంటు లేదు. యూపీఎస్ తన పని కొన్ని నిమిషాల్లో ముగించి పడుకుంది. నాలుగో తేదీన అమ్మ నాకోసం ఫోన్ల మీద ఫోన్లు చేసింది. ఐదున అదే తుపాను బాపట్ల దగ్గర తీరం దాటుతుంటే, చార్జింగ్ అయిపోవచ్చిన సెల్‌తో నేను అమ్మకి చేశాను. కరెంటు వచ్చాక రెండర్ ఆగిన చోటి నుంచే నడిచింది.

ఇక బ్యాటరీ. నా అసలు ఫిర్యాదు దీని మీదే. లోపల 12 వోల్టులు, 7 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీలు రెండున్నాయి. 25 డిగ్రీల దగ్గర వాటికి చెప్పే ఆయుష్షు, వేడి ఎనిమిది పది డిగ్రీలు పెరిగితే సగానికి పడిపోతుంది. మన రోహిణీ కార్తె రాకముందే ఇక్కడ కత్తిరి అనే మే నెల మండుటెండలు మొదలవుతాయి. నేనేమో యూపీఎస్‌ని సీపీయూ వేడిగాలి తగిలే మూలన ఇరికించాను. రెండేళ్ళకి 14 నిమిషాలు 3 అయ్యాయి. 2023 ఆగస్టులో చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో కొత్త జత వేయించాను, పాతవి ఇస్తే కొంత తగ్గించారు. యూపీఎస్‌ని కిటికీ వైపు జరిపాను.

మళ్ళీ కొంటే ప్యూర్ సైన్ వేవ్‌దే, అంటే గోడ కరెంటులాగే నున్నటి అల ఇచ్చేదే కొంటాను. నాది మెట్లుమెట్లుగా ఇచ్చే స్టెప్డ్ వేవ్. నా పవర్ సప్లైకి ఇబ్బంది రాలేదు గానీ, యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటు లాక్కునే తీరుని సరిచేసే సర్క్యూట్) ఉన్న కొన్నింటికి అది పడదు, బ్యాటరీ మీదకి మారగానే ఆగిపోతాయి. లేజర్ ప్రింటర్ లాంటివి మాత్రం దీనికి తగిలించకండి.

కొన్ని నెలలకోసారి రెండర్ నడిపించి, గోడ స్విచ్ కట్టేసి టైము చూస్తాను. కొత్త జత లెక్కలన్నీ డబ్బా మీద అంటించిన తెల్ల ప్లాస్టర్ మీద స్కెచ్ పెన్‌తో రాసి ఉన్నాయి: 14, 13, 12, 12, 11. పోయిన ఆదివారం 9 వచ్చింది. అక్టోబరు వానలు మొదలయ్యేలోగా రిచీ స్ట్రీట్‌కి వెళ్ళి రావాలి.