బంగాళాఖాతం సుడులకు ఏ డేటా మేలు?

ప్రాజెక్టుల సీజన్ వచ్చిందంటే తిరుపతిలో పిల్లలు నన్ను అడిగేది ఇదే: "సార్, సుడుల మీద చేస్తున్నాం. ఉపరితల ఉష్ణోగ్రత తీసుకోవాలా, సముద్ర మట్టం ఎత్తా, ఆర్గో ఫ్లోట్లా?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా. సుడులంటే సముద్రంలో గుండ్రంగా తిరిగే పెద్ద నీటి చక్రాలు.

ముందు అందరూ ఉపగ్రహం తీసిన ఉష్ణోగ్రత బొమ్మల మీదే పడతారు. రంగులు స్లైడ్ల మీద బాగుంటాయి మరి. అట్లాంటిక్‌లోని వెచ్చటి ప్రవాహం గల్ఫ్ స్ట్రీమ్ దగ్గరైతే సుడి ఆ బొమ్మలో గుండ్రంగా కనిపిస్తుంది కూడా. మన దగ్గర ఆ పప్పులుడకవు. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, గోదావరి తెచ్చి పోసే మంచినీళ్లు తేలిక కాబట్టి ఉప్పునీటి మీద మూతలా పరుచుకుంటాయి. చల్లటి సుడి లోతులోని చల్లనీళ్లను పైకి ఎగదోసినా అవి చాలాసార్లు ఆ మూత కిందే ఆగిపోతాయి. పైన చూస్తే ఎటు చూసినా 28, 29 డిగ్రీలే. ఒకప్పుడు నేనూ ఈ బొమ్మల్లో సుడులు వెతుకుతూ రెండు నెలలు పోగొట్టుకున్నవాడినే. దానికి తోడు నైరుతి మబ్బులు: వాటి గుండా చూడలేని ఇన్‌ఫ్రారెడ్ బొమ్మలో సగం ఖాళీ.

సముద్ర మట్టం ఎత్తుకు ఈ బాధ లేదు. అడుగున చల్లనీరు పైకి జరిగితే ఆ చోట నీరంతా చిక్కబడి మట్టం కుంగుతుంది, మూత ఉన్నా సరే. వెచ్చటి సుడిలో ఉబ్బుతుంది. తిరుపతి నుంచి చెన్నై దాకా ఉన్నంత వెడల్పులో జానెడు గుంట, అంతే. 2013లో శ్రీహరికోట నుంచి వెళ్లిన సరళ్ ఉపగ్రహం అలాంటి గుంటలను 800 కిలోమీటర్ల పైనుంచి కొలిచింది. ఒక్క ఉపగ్రహాన్నే నమ్ముకుంటే మాత్రం దాని దారుల మధ్య సుడి జారిపోతుంది. కాబట్టి అన్నిటినీ కలిపిన రోజువారీ మ్యాపులు తీసుకోండి. ఒడ్డుకు మరీ దగ్గర వాటిని నమ్మకండి. భూమధ్యరేఖ పక్కన ఎత్తు నుంచి ప్రవాహ వేగం లెక్కకట్టకండి, ఆ లెక్కకు ఆధారమైన కోరియాలిస్ బలం (భూమి తిరగడం వల్ల ప్రవాహాలను పక్కకు మళ్లించేది) అక్కడ దాదాపు సున్నా.

ఆర్గో ఫ్లోట్ అంటే సముద్రంలో తనంతట తాను మునిగి తేలే పరికరం. అది 10 రోజులకోసారి 2000 మీటర్ల లోతు నుంచి ఉష్ణోగ్రత, లవణీయత కొలుస్తూ పైకి వస్తుంది. నిజం చెప్పేది అదే, కానీ మీ సుడిలో ఒక్క ఫ్లోట్ ఉంటే గొప్ప. తుపాను బలం మీద పని చేసేవాళ్లకు ఇది తప్పదు, ఎందుకంటే వెచ్చటి నీరు ఎంత లోతు దాకా ఉందన్నదే అక్కడ లెక్క. ముందు ఎత్తు మ్యాపులో సుడిని పట్టుకుని, ఆ తర్వాత దానిలో ఫ్లోట్ వెతకండి.

నీటిలో పచ్చదనం చూపే క్లోరోఫిల్ బొమ్మలా? మబ్బు లేని రోజు దొరికితే చూడండి.