బీఎండబ్ల్యూ ఈ30 ఎం3: పోటీ నిబంధనలు తీర్చిదిద్దిన కారు

టూరింగ్ కార్ల (మామూలు రోడ్డు కార్ల ఆధారంగా తయారైన రేసు కార్ల) పోటీలో దిగాలంటే ఏడాదిలో కనీసం 5,000 కార్లు తయారు చేయాలన్న గ్రూప్ ఎ అనే రేసింగ్ విభాగపు నిబంధన కోసమే 1986లో వచ్చిన ఈ కారును, సౌకర్యాల కొలతతో తూచడం న్యాయం కాదు. బీఎండబ్ల్యూ వద్ద ఆరు సిలిండర్ల ఇంజిన్లకు కొదవ లేకపోయినా, తేలికగా ఉండి జోరుగా తిరిగే నాలుగు సిలిండర్ల 2.3 లీటర్ల ఎస్14 ఇంజిన్‌ను ఎంచుకోవడమే దీని అసలు బలం. అయితే గరిష్ఠ శక్తి, అంటే సుమారు 200 హార్స్‌పవర్, 6,750 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర గానీ అందదు కనుక, నగర రద్దీలో ఇది మందకొడిగానే అనిపిస్తుంది. బ్రిటన్ రేసింగ్ ఇంజిన్ల సంస్థ కాస్‌వర్త్ రూపొందించిన సిలిండర్ హెడ్ (ఇంజిన్ పైభాగం)తో వచ్చిన మెర్సిడెస్ 190ఇ 2.3-16 దీనికి సరైన ప్రత్యర్థి. మరో 500 కార్లు చేస్తే మెరుగుపరచిన మోడల్‌ను పోటీకి అనుమతించే వెసులుబాటును ఇద్దరూ పోటాపోటీగా వాడుకున్నారు. 1990 నాటికి రెండూ 2.5 లీటర్లకు చేరాయి. అలా వచ్చిన మెర్సిడెస్ ఎవల్యూషన్ 2 మోడల్ వెనుక రెక్క చూసి ముచ్చటపడేవారు ఉంటారు (నాకది కాస్త అతి), కానీ మలుపుల్లో స్టీరింగ్ చెప్పే కబురు కావాలనుకునేవారికి ఎం3నే సిఫారసు చేస్తాను. ఐరోపాలో అమ్మిన ఎం3లలో మొదటి గేరు ఎడమవైపు కిందికి ఉంటుంది. అలవాటు కావడానికి కొంత సమయం పడుతుంది.