సాగుతున్న కాల్‌కు ఛానల్ అట్టిపెట్టాలా, వరుసలో నిలపాలా?

బస్సులో మాట్లాడుతూ వెళ్తున్నవారి ఫోను ఒక టవర్ పరిధి దాటి పక్క టవర్ పరిధిలోకి చేరే సమయానికి అక్కడ ఖాళీ ఛానల్, అంటే ఒక కాల్‌ను మోసే రేడియో దారి, లేకపోతే కాల్ తెగిపోతుంది. విసుగ్గా తెర వైపు చూస్తే సిగ్నల్ గీతలు నిండుగానే కనిపిస్తాయి, ఎందుకంటే కాల్ తెగిన వెంటనే ఫోను కొత్త టవర్‌ను పట్టుకుంటుంది. సాగుతున్న కాల్‌ను ఒక టవర్ నుంచి మరో టవర్‌కు అప్పగించడాన్ని హ్యాండోవర్ అంటారు. దాని వైఫల్యాన్ని తగ్గించడానికి రెండు మార్గాలున్నాయి. కొన్ని ఛానళ్లను పక్క సెల్ (ఒక టవర్ పరిధి) నుంచి వచ్చే కాల్స్ కోసమే అట్టిపెట్టి ఉంచడం మొదటిది. వీటినే గార్డ్ ఛానళ్లు అంటారు. ఖాళీ దొరికేదాకా కాల్‌ను పాత టవర్ మీదే నడిపిస్తూ, కొత్త టవర్ వద్ద క్యూలో నిలపడం రెండోది. హాంగ్, రాపపోర్ట్ అనే పరిశోధకులు 1986లోనే ఈ రెండింటినీ లెక్కగట్టి చూశారు.

పోలికకు జిఎస్ఎం (2జి మొబైల్ పద్ధతి) సెల్ ఒకటి తీసుకుందాం. అందులో క్యారియర్ అనే 200 కిలోహెర్ట్జ్ తరంగ పట్టీ ఒక్కొక్కటి 8 టైమ్‌స్లాట్లుగా, అంటే వంతులవారీ కాలభాగాలుగా ఉంటుంది. రెండు క్యారియర్ల 16 స్లాట్లలో రెండు సిగ్నలింగ్‌కు (నెట్‌వర్క్ సంకేతాలకు) పోతే మాటలకు 14 ఛానళ్లు మిగులుతాయి. రద్దీ 8 ఎర్లాంగ్‌లనీ (అంటే సగటున ఒకేసారి 8 ఛానళ్లకు సరిపడా కాల్స్ వస్తాయనీ), వచ్చే కాల్స్‌లో నాలుగో వంతు హ్యాండోవర్లనీ, ప్రతి కాల్ సగటున 2 నిమిషాలు ఛానల్‌ను ఉంచుకుంటుందనీ అనుకుందాం. డెన్మార్క్‌కు చెందిన గణితవేత్త ఎర్లాంగ్ 1917లో ఇచ్చిన సూత్రం ప్రకారం, ఏమీ అట్టిపెట్టకపోతే ప్రతి వెయ్యి కాల్స్‌లో సుమారు 13 కొత్త కాల్స్‌కు ఛానల్ దొరకదు, సాగుతున్నవి 4 తెగుతాయి. ఒక్క ఛానల్ అట్టిపెడితే తెగేవి 4 నుంచి 1కి తగ్గుతాయి, కానీ దొరకనివి 26కు చేరుతాయి. రెండో ఛానల్ కూడా అట్టిపెడితే తెగేవి దాదాపు సున్నా అవుతాయి, దొరకనివి మాత్రం 45కు పెరుగుతాయి. అంటే మొదటి గార్డ్ ఛానల్ 13 మందిని వెనక్కి పంపి ముగ్గురి సంభాషణను కాపాడితే, రెండోది ఇంకో 19 మందిని వెనక్కి పంపి ఒక్కరినైనా పూర్తిగా కాపాడలేదు. మాట మధ్యలో తెగడం బిజీ టోన్ కంటే ఎక్కువ బాధిస్తుందని ఒప్పుకున్నా, ఈ రెండో బేరం నాకు గిట్టుబాటుగా కనిపించదు.

తెగిన కాల్ అందరి కంటా పడుతుంది, మొదలే కాని కాల్‌ను గురించి అడిగేవారు తక్కువ. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2015 అక్టోబరులో తెగిన ప్రతి కాల్‌కు ఒక రూపాయి చొప్పున, రోజుకు మూడింటి వరకు పరిహారం ఇవ్వాలని ఆదేశించగా, 2016 మేలో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. ఆ ఆదేశం నిలిచి ఉంటే కంపెనీలు రెండో గార్డ్ ఛానల్ వైపే మొగ్గేవని నా అనుమానం. అయితే ట్రాయ్ 2009 నిబంధనలు కాల్ డ్రాప్‌తో పాటు ఛానల్ రద్దీకి కూడా 2 శాతం హద్దు పెట్టాయి. పై లెక్కలో ఒక్క గార్డ్ ఛానల్‌తోనే కొత్త కాల్స్ తిరస్కరణ (వెయ్యిలో కొత్తవైన 750కి 26) మూడున్నర శాతానికి చేరి ఆ హద్దు దాటుతోంది.

క్యూ పద్ధతి ఏ ఛానల్‌నూ ఖాళీగా కూర్చోబెట్టదు. 14 ఛానళ్లూ నిండి ఉన్నప్పుడు సగటున ఎనిమిదిన్నర సెకన్లకు ఒకటి ఖాళీ అవుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోయే కారు, రెండు టవర్ల సిగ్నళ్లూ అందే 300 మీటర్ల మేరను దాటడానికి దాదాపు 11 సెకన్లు పడుతుంది. ఆలోగా ఛానల్ దొరికే అవకాశం 70 శాతం. తెగాల్సిన నాలుగు కాల్స్‌లో సుమారు మూడు ఇలా నిలబడతాయి. ఖాళీ అయిన ఛానల్ ముందుగా క్యూలోని కాల్‌కు పోయినా కొత్త కాల్స్‌కు కలిగే నష్టం స్వల్పమే. నడిచిపోయే మనిషికైతే అదే మేరలో మూడు నిమిషాలకు పైగా వ్యవధి ఉంటుంది. కానీ హ్యాండోవర్ కోరిక తగినంత ముందుగా బయలుదేరాలి. ఫోను కాల్ సాగుతుండగా 480 మిల్లీసెకన్లకోసారి, ఆరు పొరుగు సెల్స్ వరకు సిగ్నల్ బలాన్ని నివేదిస్తూ ఉంటుంది. ఆ కొలతలు చూసి నెట్‌వర్క్ మరీ తొందరపడితే కాల్ రెండు టవర్ల మధ్య బంతిలా తిరుగుతుంది, ఆలస్యం చేస్తే క్యూలో నిలిచే వ్యవధే మిగలదు.

పక్క సెల్ నుంచి ఛానల్ అరువు తెచ్చుకునే పద్ధతి కూడా ఉంది. ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్ రోజున రద్దీ ఒకేచోట పోగైతే అది అక్కరకు వస్తుంది. అరువు తెచ్చిన ఛానల్‌ను చుట్టుపక్కల సెల్స్ కూడా వాడకుండా ఆపాలి కనుక, ఊరంతా రద్దీగా ఉన్నప్పుడు స్థిరమైన కేటాయింపే నయం.

అందువల్ల హైవేల మీద, విశాలమైన సెల్స్‌లో క్యూకే నా ఓటు. ఎత్తైన భవనాల మధ్య వీధి మలుపులో మాత్రం ఆ లెక్క తిరగబడుతుంది. అక్కడ మూల తిరగగానే పాత టవర్ సిగ్నల్ పడిపోతుంది. 40 కిలోమీటర్ల వేగంలో 20 మీటర్ల మేరకు రెండు సెకన్లైనా దొరకవు, క్యూలో పెట్టిన ఐదు కాల్స్‌లో నాలుగు తెగిపోతాయి. అలాంటి సెల్‌లో ఒక్క గార్డ్ ఛానల్ అట్టిపెట్టి, ఆ 13 బిజీ టోన్లను భరించాల్సిందే.