మాయా చదరాల చెక్క సెట్టు: బిళ్ళలు భలే ఉన్నాయి, పుస్తకమే బాలేదు

బెజవాడ ఏలూరు రోడ్డులో ఒక చిన్న ఆటవస్తువుల షాపులో కొన్నాను, 450 రూపాయలు. మూడేసి, నాలుగేసి, ఐదేసి గడుల వరసలున్న మూడు పలకలు, 1 నుంచి 25 దాకా అంకెలు చెక్కిన బిళ్ళలు, ఒక చిన్న పుస్తకం వస్తాయి. ఎటు కూడినా ఒకే మొత్తం వచ్చేలా గడుల్లో అంకెలు పేర్చితే అదే మాయా చదరం. ఆరో తరగతి, ఆపైన చదివే పిల్లలు ఇంట్లో ఉంటే ఆలోచించకుండా కొనండి.

కాగితం మీదైతే పిల్లలు నాలుగు అంకెలు రాసి, చెరిపి, విసుగొచ్చి వదిలేస్తారు. బిళ్ళలైతే జరుపుతూనే ఉంటారు. మా అన్నయ్య కూతురు 1 నుంచి 9 దాకా ముందేసుకుని, అడ్డంగా నిలువుగా ఐమూలగా ఎటు కూడినా 15 రావాలని కూర్చుంది. కాసేపటికి "మధ్యలో 5 తప్ప ఏది పెట్టినా కుదరట్లేదు బాబాయ్" అంది. ఎందుకో ఇద్దరం లెక్క వేశాం. మధ్య గడి మీదుగా పోయే వరసలు నాలుగు, నాలుగూ కలిపితే 60. అందులో ప్రతి అంకె ఒక్కోసారి, మధ్యది మాత్రం ఇంకో మూడుసార్లు అదనంగా వస్తుంది. 1 నుంచి 9 మొత్తం 45 కాబట్టి మిగిలిన 15ని మూడుతో భాగిస్తే 5, ఇంకో దారే లేదు! 9 మూలలో ఎందుకు కూర్చోదో తర్వాత తనే పట్టుకుంది: దానితో కలిసి 15 అయ్యే జతలు 1, 5 ఒకటి, 2, 4 ఒకటి, అంతే, మూల గడికి మూడు వరసలుంటాయి కదా. ఆ పిల్ల ముఖం చూస్తే డబ్బులు వసూలైపోయాయి అనిపించింది.

ఇక లోపాలు. 6, 9 బిళ్ళలు ఒకేలా ఉన్నాయి, కింద గీత పెట్టలేదు. అంకెలతో ఆడే ఆటలో ఇది చిన్న తప్పు కాదు, తిరగబడిన బిళ్ళ వల్ల మొత్తం తేడా వస్తుంటే పిల్లలు తమ లెక్కే తప్పనుకుంటారు. స్కెచ్‌పెన్‌తో గీతలు పెట్టుకున్నాం.

పుస్తకం మీద మాత్రం నిజంగా కోపమొచ్చింది. మొదటి పేజీలోనే జవాబులు వేసేసి, తర్వాతంతా ఏ చదరం గల్లాపెట్టెలో పెడితే డబ్బొస్తుందో రాశారు. మొత్తం 34 వచ్చే నాలుగేసి గడుల చదరాన్ని చూసి వేసుకోమన్నారే తప్ప ఎలా చేయాలో లేదు. చాలా తేలిక: 1 నుంచి 16 వరసగా పేర్చి, రెండు ఐమూల గీతల మీదున్న వాటిని ఎదురెదురుగా మార్చండి, 1కీ 16కీ, 4కీ 13కీ, 6కీ 11కీ, 7కీ 10కీ. అయిపోయింది. ఖజురహో పార్శ్వనాథ ఆలయంలో చెక్కిన చదరం దీనికంటే గొప్పది, విరిగిన ఐమూలల్లో కూడా, అంటే ఒక అంచు దగ్గర ఆగి ఎదుటి అంచు నుంచి మళ్ళీ సాగే ఐమూల గీతల్లో కూడా 34 వస్తుంది. 1356లో నారాయణ పండితుడు తన గణిత గ్రంథం గణిత కౌముదిలో ఇలాంటి చదరాలకే ఒక అధ్యాయం కేటాయించాడు. మన దగ్గర ఇంత ఉండగా పుస్తకంలో ఒక్క ముక్క లేదు.

బిళ్ళలు విడిగా అమ్మరట. ఒక్కటి పోయినా చదరం నిండదు, ఆడాక లెక్కపెట్టి పెట్టెలో వేయించండి.